ఇంటిలోని ప్లగ్ సాకెట్టును మార్చుకొనుట

గ్రామములలో ఈనాడు కరెంటు లేని ఇల్లు అరుదు. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన కాలమున గాని, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన కాలమున గాని, పల్లెటూరి ఇంటికి కరెంటు వచ్చినదనిన రెండు దీపములు వెలుగుచున్నవని మాత్రమే అర్థము. నేడు అదే ఇంటిలో మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, టెలివిజను, సెల్‌ఫోను ఛార్జరు అన్నియు చేరినవి. నీళ్లు కాచుకొనుటకు హీటరు, వంటకు ఇండక్షన్ పొయ్యి వచ్చినవి. గోడలోని తీగలు మాత్రము చాల ఇండ్లలో పాతవే. ఈ బరువంతయు మోయునది గోడ మీది చిన్న ప్లగ్ సాకెట్టు. బోర్డు మొత్తములో ముందుగా పాడగునది కూడ అదియే.

సాకెట్టు మార్చుట అరగంట పని. తెలిసి చేసినచో కష్టము లేదు. తెలియక చేసినచో అది ప్రాణముతో చెలగాటము. సాకెట్టు ఎట్లు పనిచేయును, ఎప్పుడు మార్చవలెను, ఎంతవరకు మనమే చేసికొనవచ్చును, ఎక్కడ ఆగి ఎలక్ట్రీషియనును పిలువవలెను అను విషయములను రైతు సోదరులు, గ్రామాధికారులు తెలిసికొనుట మంచిది.

సాకెట్టుకు వచ్చు మూడు తీగలు

మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. స్విచ్చి గల సాకెట్టుకు మూడు తీగలు రావలెను.

మొదటిది ఫేజు. కరెంటును తెచ్చునది ఇదియే. తాకిన షాకు కొట్టును. రెండవది న్యూట్రల్. వచ్చిన కరెంటు తిరిగి పోవు దారి ఇది. మూడవది ఎర్తు. ఇది మామూలుగా ఏ పనియు చేయదు. ఇస్త్రీపెట్టె లోపలి తీగ ఊడి, దాని లోహపు ఒంటికి తగిలినప్పుడు ఆ కరెంటును మన శరీరము గుండా పోనీయక నేలలోనికి పంపివేయును. అట్లు ఒక్కసారిగా పెద్ద కరెంటు పోవుటచే ఫ్యూజు కాలి సరఫరా ఆగిపోవును. ఏడాది పొడుగునను పనిలేకుండ కూర్చుండి, అవసరమైన ఒక్క క్షణమున ప్రాణము కాపాడు కావలివాడు ఎర్తు తీగ.

సాకెట్టును ఎదురుగా నిలబడి చూచినచో పైన ఒక పెద్ద రంధ్రము, క్రింద రెండు చిన్న రంధ్రములు కనబడును. పై రంధ్రము ఎర్తుది. క్రింద కుడి చేతి వైపున ఉన్నది ఫేజుది, ఎడమ చేతి వైపున ఉన్నది న్యూట్రల్‌ది. సాకెట్టును ఊడదీసి వెనుకకు త్రిప్పి చూచినప్పుడు కుడి ఎడమలు తారుమారగును. ఇక్కడ పొరబడువారు చాలమంది. వెనుక స్క్రూల ప్రక్కన ఎల్, ఎన్, ఈ అను ఇంగ్లీషు అక్షరములు అచ్చు పోసి యుండును. ఎల్ అనునది ఫేజు, ఎన్ న్యూట్రల్, ఈ ఎర్తు. ఈ అక్షరములనే నమ్ముకొనవలెను.

ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగిలిన రెండింటికంటె లావుగాను, పొడవుగాను ఉండును. అది వట్టి వాటము కొరకు కాదు. గుచ్చునప్పుడు ఎర్తు ముందుగా తగులును, పీకునప్పుడు చివరగా వదలును. అనగా పరికరమునకు కరెంటు అందుచున్నంత సేపును ఎర్తు రక్షణ ఉండును. సాకెట్టులో పట్టుట లేదని ఎర్తు పిన్నును కోసివేయువారు ఈ రక్షణను చేజేతుల పోగొట్టుకొనుచున్నారు.

స్విచ్చి ఏ తీగపై ఉండవలెను?

స్విచ్చి ఎప్పుడును ఫేజు తీగపైననే ఉండవలెను. ఫేజు ముందుగా స్విచ్చికి వచ్చి, స్విచ్చి రెండవ కొస నుండి చిన్న తీగ ముక్క ద్వారా సాకెట్టు ఎల్ స్క్రూకు చేరవలెను. న్యూట్రల్, ఎర్తు తీగలు నేరుగా సాకెట్టుకు పోవలెను.

కొందరు పొరపాటున స్విచ్చిని న్యూట్రల్ తీగపై బిగింతురు. అట్లు చేసినను దీపము వెలుగును, ఆరును. పరికరము పనిచేయును, ఆగును. పైకి ఏ లోపమును కనబడదు. కాని స్విచ్చి ఆపినప్పుడు కూడ సాకెట్టులో ఫేజు ఉండనే ఉండును. స్విచ్చి ఆపితిమి గదా యని మిక్సీని విప్పినవారికి, హీటరు వేసిన నీళ్లలో చేయి పెట్టినవారికి షాకు తగులును. పని జరుగుచున్నది గాన బిగింపు సరిగానే యున్నదని అనుకొనరాదని దీనిని బట్టి గ్రహింపవలెను.

సాకెట్టు మార్చవలసిన గుర్తులు

ప్లగ్గు గుచ్చినప్పుడు వదులుగా ఊగుట, సాకెట్టులో చిటపట శబ్దము వచ్చుట, ప్లగ్గు పీకిన తరువాత పిన్నులు వేడిగా ఉండుట, రంధ్రముల చుట్టు నల్లబడుట లేక పసుపు రంగుకు తిరుగుట, కాలిన వాసన, పగిలిన మూత, ఎక్కడనో ఒక చోట ఆగిపోవు స్విచ్చి - ఇవి గుర్తులు. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ సాకెట్టును వాడుట వెంటనే మానవలెను.

బిగింపు వదులైనచో వేడి ఎందుకు పుట్టును? చక్కగా బిగిసిన చోట కరెంటుకు అడ్డు దాదాపు ఉండదు. వదులైన చోట, తుప్పు పట్టిన చోట కొంచెము అడ్డు ఏర్పడును. ఆ అడ్డు పావు ఓమ్ మాత్రమే అనుకొందము. దాని గుండా 10 ఆంపియర్ల కరెంటు పోయినచో అక్కడ 25 వాట్ల వేడి పుట్టును. రేడియో బాగుచేయువారు సీసము కరిగించుటకు వాడు ఇనుము అంతటి వేడినే ఇచ్చును. అంత వేడి గోడలో, కంటికి కనబడని ఒక స్క్రూ తలపై గంటల తరబడి ఉండును. ఇంటి మంటలకు ఇదియొక ముఖ్య కారణము. వేడిచే స్క్రూ మరింత వదులగును, వదులగుటచే వేడి మరింత పెరుగును. కాబట్టి ఈ లోపము దానంతట అది తగ్గునది కాదు.

చిన్న సాకెట్టు, పెద్ద సాకెట్టు

బజారులో రెండు తరగతుల సాకెట్టులు దొరకును. చిన్నది 6 ఆంపియర్లది. పాతవానిపై 5 అని యుండును. పెద్దది 16 ఆంపియర్లది. పాతవానిపై 15 అని యుండును. పరికరముపై వ్రాసియున్న వాట్లను 230తో భాగించినచో అది తీసికొను ఆంపియర్లు తెలియును. ఉదాహరణకు:

ఫ్యాను, 75 వాట్లు - 0.3 ఆంపియరు
మిక్సీ, 750 వాట్లు - 3.3 ఆంపియర్లు
ఇస్త్రీపెట్టె, 1,000 వాట్లు - 4.3 ఆంపియర్లు
నీళ్లు కాచు హీటరు, 1,500 వాట్లు - 6.5 ఆంపియర్లు
ఇండక్షన్ పొయ్యి లేక గీజరు, 2,000 వాట్లు - 8.7 ఆంపియర్లు

కడపటి రెండును చిన్న సాకెట్టుకు తగవు. ఇక్కడ ఒక ముఖ్య విషయము కలదు. చిన్న సాకెట్టు మాటిమాటికి కాలుచున్నదని దాని స్థానమున పెద్ద సాకెట్టును బిగించుట పరిష్కారము కాదు. సాకెట్టు పెద్దదైనను గోడలోని తీగ పాతదే గదా! చిన్న సాకెట్టుకు సాధారణముగా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కొన్ని పాత ఇండ్లలో అంతకంటె సన్ననిది, వేసి యుందురు. పెద్ద సాకెట్టుకు 2.5 లేక 4 చదరపు మిల్లీమీటర్ల తీగ మెయిన్ బోర్డు నుండి వేరుగా రావలెను. తీగ మార్చక సాకెట్టు మాత్రమే మార్చినచో, ఇదివరకు కంటి ఎదుట సాకెట్టు కాలుటకు బదులు ఇకమీదట గోడ లోపల తీగ కాలును.

చట్టము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వ నిబంధన ప్రకారము, ఇంటి వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే చేయించవలెను. దీపములు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చీలు మున్నగువానిని వాని సామర్థ్యము గాని స్వభావము గాని మారకుండ మార్చుకొనుటకు మాత్రము మినహాయింపు ఇచ్చిరి. 1956 నిబంధనల స్థానమున 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన భద్రతా నిబంధనలలోను ఈ మినహాయింపును నిలిపిరి. పాత సాకెట్టు తీసి అదే ఆంపియర్ల కొత్తది పెట్టుట ఒక పని. చిన్నది తీసి పెద్దది పెట్టుట, కొత్త చోటికి తీగ లాగుట వేరొక పని. రెండవది ఎలక్ట్రీషియను చేయవలసినది.

పనికి ముందు

కావలసిన సామానులు కొలదియే: ప్లాస్టిక్ పిడి గల స్క్రూ డ్రైవరు, టెస్టరు, కటింగ్ ప్లేయరు, ఇన్సులేషన్ టేపు, టార్చిలైటు, కొత్త సాకెట్టు. సాకెట్టుపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూచి కొనవలెను. సాకెట్టుల ప్రమాణము ఐ.ఎస్. 1293, స్విచ్చీలది ఐ.ఎస్. 3854. పిల్లలు పుల్లలు, మేకులు దూర్చకుండ లోపల మూతలు గల సాకెట్టులు దొరకును. పిల్లలున్న ఇంటికి అవి మేలు.

పని పగటి వేళ చేయవలెను. చేతులు, నేల పొడిగా ఉండవలెను. కాలికి చెప్పులుండవలెను. ఇంటిలో మరియొక పెద్ద మనిషి దగ్గర ఉండవలెను.

గది స్విచ్చి ఆపుట చాలదు. మెయిన్ స్విచ్చిని ఆపి, ఫ్యూజు క్యారియరును ఊడదీసి జేబులో వేసికొనవలెను. కరెంటు పోయినదనుకొని ఇంటిలో ఎవరైన మెయిన్ వేయకుండుటకు ఇది మంచి ఉపాయము. ఎం.సి.బి. లున్న ఇండ్లలో దానిని క్రిందికి దించి, దానిపై టేపు అంటించి, ఇంటిల్లిపాదికి చెప్పవలెను. సరఫరా లేని వేళ చూచి మెయిన్ ఆపకుండ పని మొదలుపెట్టుట మిక్కిలి ప్రమాదము. అది ఏ క్షణమున తిరిగి వచ్చునో ఎవరికిని తెలియదు.

ఇన్వర్టరు ఉన్న ఇంటిలో మెయిన్ ఆపినను కొన్ని బోర్డులకు బ్యాటరీ నుండి కరెంటు వచ్చుచునే ఉండును. నిజమునకు మెయిన్ ఆపుటతోనే ఇన్వర్టరు పని మొదలుపెట్టును! దానిని కూడ ఆపి, దాని నుండి వచ్చు ప్లగ్గును పీకవలెను. మూడు ఫేజుల సరఫరా ఉన్న ఇంటిలో ఒకే బోర్డుకు రెండు ఫేజులు రావచ్చును గాన మూడింటిని ఆపవలెను.

తరువాత టెస్టరుతో చూడవలెను. టెస్టరు వెలుగకుండుట రెండు విధముల జరుగును: కరెంటు లేకపోవుట, లేదా టెస్టరే పాడగుట. కావున మెయిన్ ఆపుటకు ముందు కరెంటు ఉన్న చోట పెట్టి టెస్టరు వెలుగుచున్నదని చూచుకొనవలెను. మెయిన్ ఆపిన తరువాత సాకెట్టు రంధ్రములు రెండింటిలోను చూడవలెను. బోర్డు విప్పిన పిమ్మట, చేతితో తాకక ముందే, లోపలి ప్రతి స్క్రూపైనను మరల చూడవలెను. టెస్టరు పట్టునప్పుడు వ్రేలు వెనుక లోహపు బిళ్లపై ఉండవలెను, ముందరి కడ్డీని తాకరాదు. వెలుతురులో దాని దీపము సరిగా కనబడదు. చేతితో నీడ చేసి చూడవలెను.

మార్చు విధానము

బోర్డు స్క్రూలను విప్పి, పలకను మెల్లగా ముందుకు లాగవలెను. పాత చెక్క బోర్డులలో తీగలు పెళుసుబారి యుండును. బలముగా లాగినచో తెగును.

ఏ తీగ ఏ స్క్రూ నుండి వచ్చినదో ముందుగా గుర్తు పెట్టుకొనవలెను. ఈ దినములలో చాలమంది చేతిలో సెల్‌ఫోను ఉన్నది గాన ఒక ఫోటో తీసికొనుట అన్నిటికంటె సులువు. తీగలకు టేపు ముక్కలు అంటించి గుర్తులు వ్రాసికొనుట మరియు మంచిది. రంగును మాత్రము గుడ్డిగా నమ్మరాదు. పద్ధతి ప్రకారము ఎరుపు, పసుపు, నీలము రంగులు ఫేజుకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు చెందినవి. కాని చేతికి దొరికిన తీగతో బిగించిన ఇండ్లు పల్లెలలో చాల కలవు.

ఒకే స్క్రూ క్రింద రెండు తీగలున్నచో వానిలో ఒకటి ప్రక్క స్విచ్చికో, ప్రక్క గదికో పోవుచున్నదని తెలిసికొనవలెను. కొత్తదానిలో ఆ రెండింటిని కలిపియే బిగించవలెను. ఒకటి విడిచినచో ప్రక్క గది చీకటి అగును.

తీగ కొస కాలి నల్లబడినచో మంచి రాగి కనబడువరకు కత్తిరింపవలెను. పైతొడుగును సుమారు 8 నుండి 10 మిల్లీమీటర్ల వరకే తీయవలెను. తీయునప్పుడు లోపలి రాగి పోగులు తెగరాదు. పోగులను కలిపి పురి పెట్టి, రంధ్రములో పూర్తిగా దూర్చి, స్క్రూ బిగింపవలెను. స్క్రూ తల క్రింద చుట్టవలసిన రకమైనచో గడియారపు ముల్లు తిరుగు దిశలోనే చుట్టవలెను. అప్పుడు స్క్రూ బిగియుకొలది తీగ లోపలికి లాగబడును. స్క్రూ క్రింద పైతొడుగు చిక్కరాదు, బయట వట్టి రాగి కనబడరాదు, ఒక్క పోగైనను ప్రక్కకు చీలి యుండరాదు. బిగించిన తరువాత ప్రతి తీగను చేతితో లాగి చూడవలెను. కదలినచో మరల బిగింపవలెను. ఈ ఒక్క జాగ్రత్త పైన చెప్పిన వేడి బాధను చాలవరకు తప్పించును.

వరుస ఇది: ఎర్తు తీగ ఈ స్క్రూకు, న్యూట్రల్ ఎన్ స్క్రూకు, ఫేజు స్విచ్చికి, స్విచ్చి నుండి చిన్న ముక్క ఎల్ స్క్రూకు. తీగలు నలుగకుండ లోపల సర్ది పలకను మూయవలెను. మెయిన్ వేయక ముందు పలక బిగింపు పూర్తి కావలెను.

మెయిన్ వేసి, మొదట సాకెట్టు స్విచ్చి ఆపి యుంచి టెస్టరుతో చూడవలెను. ఏ రంధ్రములోను వెలుగరాదు. వెలిగినచో స్విచ్చి న్యూట్రల్‌పై పడినదన్నమాట. తరువాత స్విచ్చి వేసి చూడవలెను. కుడి రంధ్రములో మాత్రమే వెలుగవలెను. పై రంధ్రములో వెలిగినచో ఎర్తు తీగలో ఫేజు ఉన్నదన్నమాట. వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియనును పిలువవలెను. లోపల మూతలు గల సాకెట్టులో టెస్టరు దూరదు. దానిని తీగ ముక్కతో తెరువ ప్రయత్నింపరాదు. మూడు పిన్నులతో నేరుగా గుచ్చి చూచు టెస్టరులు దొరకును, వానిని వాడవలెను.

ఎర్తు లేని ఇల్లు

పాత సాకెట్టు విప్పినప్పుడు రెండు తీగలు మాత్రమే కనబడి, ఎర్తు స్క్రూ ఖాళీగా ఉండుట తరచు జరుగును. అప్పుడు న్యూట్రల్ నుండి ఒక ముక్క తీసి ఎర్తు స్క్రూకు కలుపుట ఘోరమైన పొరపాటు. ఎక్కడైన న్యూట్రల్ తెగినచో ఆ ఇంటిలోని ఫ్రిజ్, గ్రైండరు మున్నగువాని లోహపు ఒంటికంతటికి 230 వోల్టులు ఎక్కును. ఎర్తును నీళ్ల గొట్టమునకు కట్టుట కూడ తగదు.

దీనికి సరియైన మార్గము ఎర్తు గుంట తీయించుటయే. సుమారు రెండున్నర మీటర్ల జి.ఐ. గొట్టమును నిలువుగా పాతి, చుట్టు బొగ్గు, ఉప్పు వేసి, అక్కడ నుండి ప్రతి సాకెట్టుకు ఎర్తు తీగ వేయింపవలెను. ఎండిన నేల కరెంటును సరిగా తీసికొనదు. కాబట్టి వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయుట ఇంటి యజమాని విధి. చేనుకు తడి పెట్టు రైతుకు ఇది పెద్ద పని కాదు.

ఫ్యూజు తీగను కాపాడును, మనిషిని కాపాడదు. 6 ఆంపియర్ల ఫ్యూజు కాలవలెననిన 6 ఆంపియర్లకు మించి పోవలెను. మనిషి ప్రాణము తీయుటకు దానిలో నూరవ వంతు చాలును. అందుచే మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుట మేలు. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానముగా లేనిచో, అనగా కొంత కరెంటు మనిషి గుండానో తడి గోడ గుండానో నేలలోనికి పోవుచున్నచో, అది రెప్పపాటులో సరఫరాను ఆపివేయును. దానిపై గల పరీక్ష బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను.

ఎక్కడ ఆగవలెను?

గోడ చెమ్మగా ఉన్నను, తీగ తొడుగు లోపలి వరకు కాలియున్నను, తీగ అల్యూమినియమైనను, మెయిన్ ఆపినను టెస్టరు వెలుగుచున్నను, మూడు తీగలకు మించి ఏది ఏదో తెలియకున్నను, పలకను మూసి, మెయిన్ ఆపి యుంచి ఎలక్ట్రీషియనును పిలువవలెను. పొలములోని మోటారు స్టార్టరు 415 వోల్టులది. ఇంటి సాకెట్టు మార్చిన ధైర్యముతో దానిని విప్పరాదు. మీటరు వరకు వచ్చు తీగ విద్యుత్ సంస్థది. అక్కడ లోపమున్నచో లైన్‌మనుకు గాని, 1912 నంబరుకు గాని తెలుపవలెను.

ఎవరికైన షాకు తగిలి తీగకు అంటుకొనినచో వారిని తాకరాదు. ముందు మెయిన్ ఆపవలెను. అది వీలుకానిచో పొడి చెక్కపై నిలబడి, పొడి కర్రతో తీగను తప్పించవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. లేచి కూర్చుండినను వైద్యునికి చూపించుట మానరాదు.

గ్రామాధికారులకు

పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రము - వీనిలోని సాకెట్టులు పదిమంది చేతులు పడునవి గాన త్వరగా వదులగును. వానలు మొదలగుటకు ముందు ఏటేట ఒకసారి ఎలక్ట్రీషియనుచే ప్రతి సాకెట్టును, ఎర్తును పరీక్ష చేయించుట మంచిది. మూత పగిలిన సాకెట్టు పిల్లల చేతికి అందు ఎత్తులో ఉన్నచో, కొత్తది వచ్చువరకు దానికి కరెంటు తీసివేయింపవలెను. కాగితముపై హెచ్చరిక వ్రాసి అంటించిన చాలదు. చదువురాని పసివారికి అది రక్షణ కాదు.

ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి ఇవి: మెయిన్ ఆపి ఫ్యూజును దగ్గర ఉంచుకొనుట, టెస్టరుతో చూచిన తరువాతనే తాకుట, స్విచ్చిని ఫేజుపైననే బిగించుట, తీగలను లాగి చూచుట, ఎర్తును ఖాళీగా విడువకుండుట, అదే ఆంపియర్ల సాకెట్టునే పెట్టుట. ఇవి పాటించినచో ఇంటివారు ఆ స్విచ్చిని ఏండ్ల తరబడి నిశ్చింతగా వాడుకొనవచ్చును.